పొద్దుటి డోసు

ఇది ఇంతకు ముందు రాయలేకపోవడానికి మొదటి కారణం నాకు అక్షరాలు రాకపోవడం. యాభై దాటేదాకా నేను వేలిముద్ర మనిషిని. తరువాత అక్షరాలు వచ్చాయి గానీ, వాటిని నేర్పిన మనిషి నా ఎదురుగానే మంచం మీద ఉండేవాడు. మా ఆయనకు పక్షవాతం వచ్చి కుడి చెయ్యి, కుడి కాలు పడిపోయాక, ఎడమచేత్తో రాయడం నేర్చుకుంటానని పట్టుపట్టి పలక తెప్పించుకున్నాడు. ఆయన ‘అ’ దిద్దుతుంటే పక్కన కూర్చుని నేనూ దిద్దాను. మొదట్లో ఇద్దరి అక్షరాలూ ఒకేలా వంకరగా ఉండేవి. ఆయనవి అలాగే ఉండిపోయాయి, నావి కొంచెం కొంచెం నిలబడ్డాయి. అప్పటినుంచి నేను ఏం రాసినా ఇలా పట్టుకురా అనేవాడు. వత్తు ఎక్కడ పోయిందో, దీర్ఘం ఎక్కడ తప్పిందో వేలు పెట్టి చూపించేవాడు. ఒక మనిషి గురించి రాసి, దాన్ని ఆ మనిషికే చూపించి దిద్దించుకోవడం ఎలా? అందుకని బస్సుల మీది ఊళ్ళ పేర్లు, గోడల మీది మాటలు రాసేదాన్ని. ఇప్పుడాయన పగటిపూట కూడా చాలాసేపు మగతగా పడుకుంటున్నాడు. దిద్దే ఓపిక లేదు. ఆయన కాళ్ళ దగ్గర పీట వేసుకుని రాస్తున్నాను.

మాది చోడవరానికీ వడ్డాదికీ మధ్య ఊరు. పెళ్ళయి వచ్చిన ఏడాది నుంచి మా ఆయన పడిపోయే దాకా, ప్రతి ఏడూ చెరుకు గానుగ ఆడినన్నాళ్ళూ నేను బెల్లం పెనం కింద మంట పెట్టాను. పెనంలో పాకం చూడడం, తిప్పడం, దించడం మగవాళ్ళ పని. కింద పొయ్యిలోకి ఎండు పిప్పి తొయ్యడం ఆడవాళ్ళ పని. పొయ్యి నోరు కిందికి ఉంటుంది గనక గొంతుక్కూర్చునే తొయ్యాలి. మంట తగ్గితే పైనుంచి తిడతారు, ఎక్కువైతే పాకం మాడిందని తిడతారు. ఆ వేడికి చెమట కూడా పట్టదు, పట్టేలోపే ఆరిపోతుంది. నా మోకాళ్ళు అరిగిపోయింది అక్కడే.

నీళ్ళు తక్కువ తాగడం అలవాటైంది కూడా అక్కడే. చెరుకు నరికేశాక పొలంలో చాటు ఉండదు. గానుగ చుట్టూ మగవాళ్ళు. పొద్దు వాలితే గానీ ఆడమనిషి బయటికి వెళ్ళే వీలు లేదు. వెళ్ళకుండా ఉండాలంటే తాగకుండా ఉండాలి. పెనం దగ్గరికి మొదటిసారి వెళ్తున్నప్పుడు మా అత్త నాకు చెప్పిన సలహా ఒకటే, నోరు తడుపుకో, కడుపు తడుపుకోకు అని. మా కోడలికి నేనూ అదే చెప్పాను.

సాయంత్రానికి ఒళ్ళంతా పచ్చిపుండులా ఉండేది. దానికి డోసు ఉంది. మా ఊళ్ళో సూది డాక్టరు ఒకాయన ఉన్నాడు, మా ఆయనకు చిన్ననాటి స్నేహితుడు. పెద్ద చదువు లేదు గానీ చెయ్యి మెత్తన, మాట మెత్తన. ఒళ్ళు నొప్పులంటే అట్టల్లోంచి తీసిన బిళ్ళలు నాలుగు రంగులవి కలిపి, కాగితంలో మడిచి ఇస్తాడు. అదే డోసు. ఆ బిళ్ళల పేర్లు ఎవరికీ తెలియవు. గానుగ కాలంలో ఊరు ఊరంతా డోసు మీద నడుస్తుంది. టీ తాగేవా అన్నట్టే డోసు ఏసేవా అని అడుగుతారు. దాన్ని ఎవరూ మందు అనరు. మందు వేసుకునేది రోగం వస్తే. డోసు వేసుకునేది పనికి వెళ్ళాలంటే. ఈ తేడా మాకు ఎంత మామూలంటే, అది ఒక తేడా అని కూడా ఎప్పుడూ అనుకోలేదు.

మా ఆయన పడిపోయాక పెనం మానేశాను. కానీ డోసు మానడానికి వీలు కాలేదు, అంతకంటే పెద్ద బరువు ఇంట్లోకి వచ్చింది. ఆయన భారీ మనిషి. మంచం పట్టాక ఇంకా ఒళ్ళు చేశాడు. ఒక ప్లాస్టిక్ కుర్చీకి మధ్యలో కంత కోయించి కింద బేసిను పెట్టుకున్నాం. పొద్దున్నే ఆయన్ని మంచం మీంచి ఆ కుర్చీలోకి, అక్కడినుంచి స్నానం బల్ల మీదికి, మళ్ళీ మంచం మీదికి మార్చాలి. దానికొక పద్ధతి ఉంది. ఎడమ పక్కకు పొర్లించి కాళ్ళు కిందికి దించాలి. ఆయన ఎడమ చెయ్యి నా మెడ చుట్టూ వేయించుకోవాలి. నా మోకాళ్ళతో ఆయన మోకాళ్ళకు అడ్డం పెట్టి ఒక్క ఊపున లేపి, తిప్పి, కుర్చీలో దించాలి. ఆ ఊపు వచ్చేది నడుంలోంచి, మోకాళ్ళలోంచి. డోసు పడితే వస్తుంది. పడకపోతే ఇద్దరం కలిసి మంచం మీద కూలబడతాం.

ఆయనకు ఇదంతా తెలుసు. నా కష్టం చూసి, స్నేహితుడిని పిలిచి నా కోసం పొట్లాలు తెప్పించి తన తలగడ కింద పెట్టుకునేవాడు. పొద్దున్న నేను టీ పట్టుకెళ్ళేసరికి ఎడమచేత్తో ఒక పొట్లం తీసి ఉంచేవాడు. “ఇదిగో, ఏసుకో” అనేవాడు. ఆయన టీ తాగేవాడు, నేను డోసు వేసుకునేదాన్ని. ఒక చెయ్యి, ఒక కాలు పడిపోయిన మనిషి నాకోసం చెయ్యగలిగిన పని అదొక్కటే. మా కాపురంలో ఆయన నాకు పొద్దున్నే ఏదైనా చేతికి అందించడం అదే మొదలు. అందుకని ఆ పొట్లం అంటే నాకు ఇష్టంగానే ఉండేది.

ఇంట్లో ఇంకెవరూ లేరా అంటే ఉన్నారు. కొడుకు అచ్యుతాపురం వైపు కంపెనీలో చేస్తాడు, తెల్లవారకుండా కంపెనీ బస్సు ఎక్కుతాడు. సెలవు రోజున తండ్రిని వాడే లేపుతాడు. కోడలు ఇంట్లోనే ఉంటుంది. కానీ మా ఇళ్ళలో కోడలు మామగారి ఎదుట నిలబడదు. ఆయన అరుగు మీద ఉంటే దొడ్డి దారిన తిరిగి వెళ్తుంది. ఆయన కంచం నేనే పట్టుకెళ్ళాలి. ఆ గుంట మా ఇంటికొచ్చి ఇన్నేళ్ళయినా ఆయనతో నేరుగా మాట్లాడింది లేదు. “అత్తా, మావయ్యకి ఇంకొంచెం అన్నం గావాలేమో అడుగు” అంటుంది, గోడ అవతల నుంచి ఆయనకు వినపడేలాగే. “ఒసే, సాలని సెప్పు” అంటాడు ఆయన, ఆ పిల్లకు వినపడేలాగే. మధ్యలో నేను ఒక మాట కూడా చెప్పనక్కర్లేదు, ఊరికే నిలబడి ఉంటే చాలు.

అలా జరుగుతుండగా నా కాళ్ళు పొంగడం మొదలైంది. పొద్దున్న లేచేసరికి కళ్ళ కింద ఉబ్బు. మూత్రం నురగ కట్టేది. ఊళ్ళోకి బీపీ చూడడానికి వచ్చిన నర్సమ్మ నా చేతికి పట్టీ కట్టి, గాలి కొట్టి, మళ్ళీ కొట్టి, చోడవరం పెద్దాసుపత్రికి వెళ్ళి రక్తం చూపించుకోమంది. పరగడుపున వెళ్ళమంది.

పరగడుపు అంటే నాకు తెలిసిన పరగడుపు ఉపవాసం నాటిది. ముందు రోజు పొద్దుగూకిన దగ్గర నుంచి అన్నమే కాదు, మంచినీళ్ళు కూడా ముట్టలేదు. నోట్లో ఉమ్మి మింగడానికి కూడా ఆలోచించాను. డోసు మాత్రం వేసుకున్నాను, ఎందుకంటే ఆయన్ని లేపి వెళ్ళాలి, ఆటో ఎక్కాలి, వరసలో నిలబడాలి. బిళ్ళలు గొంతుకు అడ్డం పడితే గుక్కెడు టీతో దించాను. ఆ గుక్కెడు టీకే తప్పు చేసినట్టు భయపడ్డాను. అలా ఎండిపోయిన ఒంటితో వెళ్ళి రక్తం ఇచ్చాను.

ఆసుపత్రిలో డాక్టరమ్మ చిన్న వయసు మనిషి. కాగితం చూసి, కిడ్నీల పని తగ్గుతోందమ్మా అంది. రక్తంలో ఉండకూడనంత చెత్త ఉండిపోతోందని, దాని పేరు క్రియాటినిన్ అని చెప్పింది. తరువాత ఒక్కొక్కటీ అడిగింది. సుగరు ఉందా, బీపీ ఎప్పటినుంచి, ఇంట్లో ఎవరికైనా ఈ జబ్బు ఉందా, ఎండలో పని చేస్తారా, నీళ్ళు ఎంత తాగుతారు, పసర్లు గానీ నాటు మందులు గానీ తింటారా. పెనం సంగతి చెప్పాను. నీళ్ళ సంగతి చెప్పాను. రాత్రి నుంచి మంచినీళ్ళు ముట్టలేదని గొప్పగా చెప్పేసరికి ఆవిడ నుదురు పట్టుకుంది. పరగడుపు అంటే అది కాదని చెప్పి, బాగా నీళ్ళు తాగి మళ్ళీ రమ్మంది. నొప్పులకు మందులేమైనా వాడుతున్నారా అని కూడా అడిగింది. లేదమ్మా అన్నాను. నా మనసులో అది అబద్ధం కాదు. నేను మందులు వాడటం లేదు.

ఆ తరువాత నీళ్ళు తాగి వెళ్ళినా క్రియాటినిన్ తగ్గలేదు, ఇంకొంచెం పెరిగింది. బీపీ బిళ్ళ రాసింది. ఉప్పు తగ్గించమంది. ఎండు చేప, పచ్చళ్ళు మానమంది. బరువులు ఎత్తొద్దంది. సరే అని తల ఊపి ఇంటికి వచ్చి చూస్తే, ఆవిడ చెప్పిన ప్రతి మాటా పోయి మా ఆయన మంచానికి తగులుతోంది. కూర ఒక్కటే గిన్నె. మంచం మీది మనిషికి మిగిలింది నాలిక ఒక్కటే, ఉప్పు చేప లేకపోతే అన్నం ముందు నుంచి మొహం తిప్పేస్తాడు. ఇద్దరికీ రెండు కూరలు వండితే నీ వంట నాదాకా రాకూడదా అంటాడు. బరువు సంగతి ఇక చెప్పేదేముంది. గదిలో ఏ మూలకు వెళ్ళినా మంచం కోడు కాలికి తగిలేది.

ఈ జబ్బు చివర ఏముంటుందో నాకు తెలియక కాదు. మా పెద్ద తోటికోడలు డయాలసిస్‌కి అనకాపల్లి తిరుగుతుంది. మిషను మీంచి వచ్చిన రోజు మనిషి పిండేసిన గుడ్డలా ఉంటుంది. ఆవిణ్ణి పట్టుకెళ్ళడానికి, తీసుకురావడానికి ఒక మనిషి కావాలి. నేను అలా అయితే నన్ను పట్టుకెళ్ళేదెవరు, ఇక్కడ ఆయన్ని లేపేదెవరు? ఈ ఆలోచన మొదలైతే ఎటు వెళ్ళినా మళ్ళీ అక్కడికే వచ్చేది. నా కిడ్నీలు నిలబడకపోతే ఆయన్ని లేపలేను. ఆయన్ని లేపుతుంటే అవి నిలబడవేమో. డోసు సంగతి అప్పటికింకా నాకు తట్టలేదు.

అది బయటపడింది ఆసుపత్రి బల్ల మీద. ఆ రోజు ఓపీలో జనం కిటకిటలాడుతున్నారు. నా పక్కన మాడుగుల నుంచి వచ్చిన ఆడమనిషి కూర్చుంది, నా వయసుదే. ఆవిడకు సుగరు. ఏ ఊరమ్మా అని అడిగితే ఊరి పేరు చెప్పి, “మా హల్వా ఊరూరోళ్ళూ కొనుక్కెళ్తారు. సుగరు మాత్రం మాకే ఒగ్గేసి పోతారు” అంది. చుట్టుపక్కల అందరం నవ్వాం. సుగరు బిళ్ళ రోజూ వేసుకుంటే ఒంటికి వేడని, కళ్ళు తిరిగినప్పుడే వేసుకుంటానని చెప్పింది. ఆసుపత్రికి వచ్చే ముందు నాలుగు రోజులు మాత్రం అన్నం మానేసి రాగి జావ తాగుతుందట. చుట్టాలొస్తుంటే ఇల్లు అలికినట్టు. అప్పుడు రక్తం బాగా వస్తుంది, డాక్టరమ్మ తిట్టదు. ఇంకొకావిడ తనూ అంతేనంది.

ఇంతలో ఆవిడకు నడుం పట్టేసింది. బల్ల మీద ఇటు అటు కదిలి, వచ్చే తొందరలో డోసు వేసుకోవడం మరిచిపోయానంది. నా కొంగు ముడిలో ఒక పొట్లం ఉంది. తిరుగు ప్రయాణానికి ఉంచుకోమని పొద్దున్న మా ఆయన ఇంకొకటి ఇచ్చాడు. ముడి విప్పి, తమలపాకులో సగం తుంచి ఇచ్చినట్టు, విప్పిన కాగితంలోంచి రెండు బిళ్ళలు ఆవిడ అరచేతిలో పోశాను. ఆవిడ మీ ఊరి డోసు రంగు వేరుగా ఉందే అంది. అటుగా వెళ్తున్న ఆసుపత్రి నర్సమ్మ ఆగింది.

“ఏటమ్మా అవి? పేలాలా పంచుకుంటన్నారు?”

డోసు అన్నాను. ఆవిడ ఇద్దరి చేతుల్లో ఉన్నవీ తీసుకుని, నన్ను వరస తప్పించి లోపలికి తీసుకెళ్ళింది. డాక్టరమ్మ బిళ్ళలను బల్ల మీద పోసి, పెన్ను కొసతో ఒక్కొక్కటీ వేరు చేసింది. అవి ఎన్నాళ్ళనుంచి వేసుకుంటున్నానని అడిగింది. నాకు లెక్క తెలియలేదు. మా కొడుకు కడుపులో పడకముందు నుంచి అన్నాను.

“మరి నొప్పులకు మందులు వాడటం లేదన్నారు కదమ్మా?”

“ఇవి మందులు కాదు కదమ్మా. డోసు.”

ఆవిడ నన్ను కోప్పడలేదు. కోప్పడినా బాగుండేది. పెన్ను కొసతో రెండు బిళ్ళలు పక్కకు జరిపి నెమ్మదిగా చెప్పింది. వీటిలో రెండు నొప్పి బిళ్ళలు, ఒకే పని చేసేవి, రెండూ కిడ్నీలకు పడనివి. అప్పుడప్పుడు వేసుకుంటే ఒక రకం, ఏళ్ళ తరబడి రోజూ, అదీ నీళ్ళు తాగకుండా, బీపీ పెట్టుకుని వేసుకుంటే ఇంకో రకం. కిడ్నీలు పాడవుతున్నప్పుడు నొప్పి పుట్టదు, అందుకే మనకు తెలియదు. పోయింది తిరిగి రాదు. ఇవి ఈ రోజే ఆపేస్తే ఉన్నది నిలబెట్టుకోవచ్చు. ఆపకపోతే డయాలసిస్, అంటే మా తోటికోడలి దారే. మోకాళ్ళకు వేరే తెల్ల బిళ్ళ, పూసుకునే మందు రాసింది.

మంచం మీదున్న మా ఆయన సంగతి చెప్పి అడిగాను. “దీంతో మనిషిని లేపొచ్చా అమ్మా?”

“దీంతో మీరు నడవగలరు. మనిషిని లేపలేరు. ఇంట్లో ఇంకెవరూ లేరా?”

“ఎవరూ లేరమ్మా” అన్నాను.

అంత తేలిగ్గా వచ్చింది ఆ మాట. తిరుగు ఆటోలో నా పక్కన పచ్చగడ్డి మోపుతో ఒక పిల్ల ఎక్కింది. దాన్ని చూస్తే మా కోడలు గుర్తొచ్చింది. ఎవరి చెయ్యీ అక్కర్లేకుండా, తనంత మోపు తనే మోకాలి మీదికి తీసుకుని, అక్కడినుంచి తలమీదికి ఎత్తుకునే మనిషి. పెళ్ళయిన కొత్తలో ఆ ఎత్తడం చూసి మా ఆయనే అరుగు మీంచి, నీ కోడలు ఎద్దులా ఉందే అని మెచ్చుకున్నాడు. అలాంటిదాన్ని ఇంట్లో పెట్టుకుని ఎవరూ లేరన్నాను. అది కూడా అబద్ధం చెప్తున్నానని తెలియకుండానే. డోసు మందు కానట్టే కోడలు మనిషి కాదు, ఈ పనికి.

ఇంటికొచ్చేసరికి పొద్దు వాలుతోంది. కోడలు వంటింట్లో పొయ్యి వెలిగిస్తోంది. మా ఆయన ఏటన్నారే అని అడిగాడు. మంచం పట్టె మీద కూర్చుని అంతా చెప్పాను. డాక్టరమ్మ బిళ్ళలు వేరు చేసినట్టే వేలితో దుప్పటి మీద చూపిస్తూ చెప్పాను. ఆయన వింటూ వింటూ తలగడ కింద చెయ్యి పెట్టి పొట్లాలన్నీ తీశాడు. వాటిని గుండెల మీద పోసుకుని చూస్తూ ఉండిపోయాడు.

“అయితే ఇన్నాళ్ళూ నా సేత్తో నీకు ఇషం పెట్టేనేటే?”

“నువ్వు తెలిసి ఇచ్చేవేటి బావా. నానూ తెలిసి మింగలేదు.”

ఆయన నాకు మేనత్త కొడుకు. కష్టం వచ్చినప్పుడు ఇప్పటికీ బావా అనే వస్తుంది నోటికి. ఆయన స్నేహితుడి మీద ఒక్క మాట అనలేదు. పొట్లాలను ఒక్కొక్కటిగా మళ్ళీ తలగడ కిందికి తోశాడు. తోస్తూ, రేపొక్క రోజుకి వేసుకో, ఎల్లుండి కొడుకుని సెలవు పెట్టమందాం, తరువాత సంగతి తరువాత చూద్దాం అన్నాడు. ఆయన తప్పేమీ లేదు, ఆయన అవసరం ఆయనకు పొద్దున్నే వస్తుంది, అది ఆగేది కాదు. పెనం దగ్గర కూడా మేమంతా అదే అనుకునేవాళ్ళం. ఈ గానుగ ఒక్కటీ అయిపోనీ అని. ఒకటి అయిపోతే ఇంకొకటి.

నేను సరే అనబోయాను. నిజంగానే అనబోయాను. అప్పుడు గోడ అవతల నుంచి గరిటె చప్పుడు ఆగింది.

“అత్తా, రేపు మావయ్యని నాను లెగదీస్తానని సెప్పు.”

మా ఆయన మొహం ఎర్రబడింది. “ఒసే, కోడలిసేత ఎత్తించుకునే కంటే పాడె మీద ఎత్తించుకుంటానని సెప్పు.”

మామూలుగా అయితే అక్కడితో ఆ మాట ముగిసేది.

“ముందు అత్తకే పాడె కట్టాల్సొస్తాదని సెప్పత్తా.”

ఆ ఇంట్లో ఆ పిల్ల అంత పెద్ద మాట అనడం అదే మొదటిసారి. నేను చెప్పనక్కర్లేకపోయింది. మా ఆయన కళ్ళు పైకప్పు వైపు తిప్పుకున్నాడు. ఆ రాత్రి అన్నం నేనే కలిపి పెట్టాను, తిన్నాడు. కూరలో ఉప్పు తక్కువైనా అడగలేదు. నాకు మాత్రం ఏదీ తేలలేదు. ఆయన మాట కాదంటే మంచం మీది మనిషి మానం తీసినదాన్ని అవుతాను. ఔనంటే ఏమవుతానో డాక్టరమ్మ చెప్పింది. పడుకున్నాక కూడా నా చేతులు ఆయన బరువు పట్టుకునే ఉన్నట్టు బిగుసుకుపోయాయి.

మర్నాడు పొద్దున్న మోకాళ్ళు వంగలేదు. గోడ పట్టుకుని లేచాను. కొడుకు అప్పటికే డ్యూటీకి వెళ్ళిపోయాడు. పెరట్లో మొహం కడుక్కుని చెంబెడు నీళ్ళు తాగి, టీ పట్టుకుని గదిలోకి వచ్చాను. ఆయన మెలకువగానే ఉన్నాడు. ఎడమచేతిలో పొట్లం ఉంది. ఎప్పటిలాగే చాపాడు. ఏసుకో అని మాత్రం అనలేదు. నేను టీ గ్లాసు ఆయన పక్కన పెట్టి, మంచం కోడు పట్టుకుని మెల్లగా నేల మీద కూర్చున్నాను. డోసు లేకుండా నేల మీద కూర్చుంటే నా అంతట నేను లేవలేనని ఆయనకూ తెలుసు, నాకూ తెలుసు. తెలిసే కూర్చున్నాను.

ఆయన చెయ్యి కాసేపు అలాగే గాల్లో ఉంది. తరువాత పిడికిలి మూసుకుని వెనక్కి వెళ్ళింది. టీ చల్లారింది. ఆయన ఒకసారి కదిలాడు, ఇంకోసారి కదిలాడు. “ఒసే, లెగు” అన్నాడు చివరికి, బతిమాలినట్టు.

“నాను లెగలేను బావా” అన్నాను. కోడల్ని పిలిచాను.

ఆ గుంట గుమ్మం దగ్గర ఒక్క క్షణం ఆగింది. కొంగు తలమీదుగా లాక్కుని, కొస పంటితో పట్టుకుని లోపలికి వచ్చింది. మా ఆయన కళ్ళు గట్టిగా మూసుకున్నాడు. అది చూసి తనూ మూసుకుంది. అక్కడినుంచి చూపు ఉన్నది నా ఒక్కదానికే. ఎడమ పక్కకు పొర్లించమన్నాను, పొర్లించింది. కాళ్ళు దించమన్నాను, తడుముకుని దించింది. మోకాళ్ళకు మోకాళ్ళు అడ్డం పెట్టమన్నాను. ఆయన మాత్రం చెయ్యి ఆ పిల్ల మెడ మీద వెయ్యలేదు.

“బావా, సెయ్యెయ్యి” అన్నాను.

వేశాడు. పిడికిలి విప్పకుండానే వేశాడు. ఆ పిల్ల ఒక్క ఊపున లేపి నిలబెట్టింది, గడ్డి మోపు కంటే బరువేమీ కానట్టు. అలా ఇద్దరూ కళ్ళు మూసుకుని గది మధ్యలో నిలబడ్డారు.

“కుర్చీ ఎటుందత్తా?”

కొంచెం కుడికి, ఇంకొంచెం, ఇప్పుడు మెల్లగా వెనక్కి అంటూ, నేల మీంచి నేను చెప్తూ పోయాను.